బ్యాండ్‌సా చక్రాలకు యురేథేన్ టైర్లు: ఎనిమిది నెలలు వాడాక రాస్తున్న రివ్యూ

హనుమకొండలో మాది చిన్న వడ్రంగి షెడ్డు. ఊయల తొట్లు, కుర్చీల వంపు కాళ్ళు, పూజ మందిరాల కమానులు, అప్పుడప్పుడు పిల్లల బొమ్మలు చేస్తాం. వంపు పనంతా ఒక్క మిషను మీదే నడుస్తుంది, 14 ఇంచుల బ్యాండ్‌సా, అంటే పైనొకటి కిందొకటి ఉన్న రెండు చక్రాల మీద పట్టాలా తిరిగే బ్లేడుతో కోసే రంపం మిషను. బాపు ఉన్నప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాని చక్రాల మీది రబ్బరు అరిగిపోయిందన్న సంగతి తెలియక నేను మంచి బ్లేడ్లు పారేశాను, టేకు పాడుచేశాను, సాన పట్టే అతనితో మాట కూడా అనుకున్నాను. దసరా అయ్యాక ఆ రబ్బరు బదులు ఆన్‌లైన్లో తెప్పించి వేసిన యురేథేన్ (రబ్బరులా సాగే గట్టి ప్లాస్టిక్) టైర్లు ఇప్పుడు ఎండాకాలం కూడా దాటేశాయి కాబట్టి వాటి మంచీ చెడూ ధైర్యంగా చెప్పగలను.

బతుకమ్మ పండుగ ముందు మాకు తొట్ల ఆర్డర్లు ఎక్కువ. సరిగ్గా అప్పుడే మిషను మొరాయించడం మొదలుపెట్టింది. పెన్సిల్ గీత మీద పెట్టి తోస్తుంటే కోత ఎడమకు లాగుతుంది, గట్టిగా పట్టుకుని సరిచేస్తే ఇంకో జానెడు పోయాక మళ్ళీ లాగుతుంది. బ్లేడు ఒకచోట నిలవకుండా టేబుల్ దగ్గర ముందుకీ వెనక్కీ ఊగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక దెబ్బ, దడ్ దడ్ దడ్ మని, టేబుల్ మీద చెయ్యి పెడితే మోచేతిదాకా తెలిసేది. ఒకరోజైతే పావు ఇంచు బ్లేడు నడుస్తుండగానే ముందువైపుకి జారి తలుపుకి రాసుకుంది, నిప్పురవ్వలు చూసి మా దగ్గర పనిచేసే తమ్ముడు పరుగెత్తి స్విచ్ ఆపాడు. నేను మొదట బ్లేడుని అనుమానించాను. కొత్తది వేశాను, రెండు రోజులు బాగుండి మళ్ళీ అదే. తర్వాత బ్లేడు అటూ ఇటూ పోకుండా ఆపే గైడు బేరింగులు మార్చాను. తర్వాత మోటారు బెల్టు. ఖర్చు పెరుగుతుంది కానీ దడ మాత్రం పోలేదు.

అసలు విషయం కింది అరలో పొట్టు ఎత్తేటప్పుడు దొరికింది. రంపపు పొట్టులో నల్లటి పొడి కలిసి ఉంది. అది చాలా రోజుల నుంచి చూస్తూనే ఉన్నా, బెల్టు అరుగుతుందేమో అనుకున్నాను, కానీ బెల్టు కొత్తది కదా. అప్పుడు ప్లగ్గు తీసి, బ్లేడు విప్పి, పై చక్రం మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి చూశాను. నడుమ పల్లం. బ్లేడు పోయే దారంతా గాడి పడి, అద్దంలా నున్నగా మెరుస్తుంది. అంచుల్లో సన్నటి పగుళ్ళు, గోరు పెడితే దిగుతున్నాయి. కింది చక్రం ఇంకా ఘోరం, ఒకచోట చిటికెనవేలి గోరంత ముక్క ఊడిపోయి ఇనుము కనిపిస్తుంది. నేను వింటున్న దడ్ దడ్ అదే.

ఈ రబ్బరు ఎందుకు ఉంటుందో చాలామందికి తెలియదు, నాకూ తెలియదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పాత పిండి గిర్నీలో మోటారు నుంచి రాయికి వెళ్ళే వెడల్పాటి పట్టా గుర్తుందా, దానికి అంచులు లేకపోయినా పుల్లీ మీద నుంచి జారిపోయేది కాదు. ఎందుకంటే పుల్లీ నడుమ కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది, తిరుగుతున్న పట్టా ఎప్పుడూ ఆ ఎత్తు మీదికే ఎక్కి నిలుస్తుంది. బ్యాండ్‌సా బ్లేడు కూడా చక్రం మీద అలాగే నిలుస్తుంది, ఆ ఉబ్బు ఇచ్చేది టైరు. నడుమ అరిగి పల్లమైతే బ్లేడుకి ఎక్కడ నిలవాలో తెలియదు, గాడిలో ఒక అంచు నుంచి ఇంకో అంచుకి కొట్టుకుంటుంది. పావు ఇంచు లాంటి సన్న బ్లేడు ఆ గాడిలోనే దిగి కూర్చుంటుంది, పై చక్రాన్ని ఎంత వంచినా మాట వినదు. ఇది ఒకటి. రెండోది, బ్లేడు పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి విరిచి ఉంటాయి కదా, కింద మెత్తగా లేకపోతే ఒకవైపు విరుపు ఇనుముకి తగిలి నొక్కుకుపోతుంది. అప్పుడు బ్లేడు ఒకవైపే కోస్తుంది, గీత వదిలి పక్కకి లాగుతుంది. నేను రెండు మూడు రోజులకే మొండిబారాయని పారేసిన బ్లేడ్లు సగం అలా పోయినవే. ఇక పట్టు సంగతి సరేసరి, నున్నబడిన రబ్బరు మీద బ్లేడు జారుతుంది, మందం చెక్క పెడితే చక్రం తిరుగుతుంటే బ్లేడు ఆగుతుంది.

మొదట ఇక్కడే రిపేరు చేయిద్దామనుకున్నాను. పెద్ద సామిల్లు మిషన్లు చూసే ఒకాయన వచ్చి చూసి, అంత పెద్ద మిషన్లకే రబ్బరు ఉండదు, దీనికెందుకు, మొత్తం గీకి పారెయ్ అన్నాడు. ఆయన చెప్పింది ఆయన మిషన్ల వరకు నిజమే. దుంగలు కోసే పెద్ద బ్యాండ్‌సా చక్రాలు ఉత్త ఇనుమువే, కానీ ఆ బ్లేడు బెత్తెడు వెడల్పు ఉంటుంది, పళ్ళు చక్రం అంచు దాటి బయట వేలాడేలా నడుపుతారు కాబట్టి వాటికి ఇనుము తగలదు. మన చిన్న మిషను బ్లేడు చక్రం నడుమన కూర్చుంటుంది, పళ్ళతో సహా. రెండూ ఒకటి కాదు. అదృష్టం కొద్దీ నేను ఆ మాట వినలేదు. కానీ ఇంకోచోట లారీ ట్యూబు కోసి చక్రానికి అంటిస్తామంటే ఒప్పుకున్నాను, రెండు చక్రాలకు 700 తీసుకున్నారు. ట్యూబు చివరలు కలిసిన చోట మందం ఎక్కువై పాత దడ కంటే పెద్ద దడ వచ్చింది. పదకొండో రోజు కోత నడుమలో ట్యూబు లేచి బ్లేడుకి చుట్టుకుంది. ఈ పని ఎవరైనా చేస్తామంటే దయచేసి ఒప్పుకోవద్దు, అది డబ్బు సంగతి కాదు, చేతి వేళ్ళ సంగతి.

ఇక కొనడం. ఆన్‌లైన్లో రబ్బరువీ ఉన్నాయి, యురేథేన్‌వీ ఉన్నాయి. రబ్బరు టైర్లు చౌక, కానీ వాటిని సాధారణంగా జిగురు పెట్టి అంటించాలి, ఆరాక కొన్నిటికి నడుమ ఉబ్బు వచ్చేలా ఉప్పు కాగితంతో మనమే రుద్దుకోవాలి. చక్రానికే ఉబ్బు ఉంటే టైరు సమంగా ఉంటే చాలు, చక్రం బల్లపరుపుగా ఉంటేనే టైరుకి ఉబ్బు కావాలి. పాత రబ్బరు గీకేశాక చక్రం అడ్డంగా స్కేలు పెట్టి చూస్తే ఇది తెలుస్తుంది. మా చక్రానికే ఉబ్బు ఉంది. మాది రేకుల షెడ్డు, వేసవిలో లోపల పొయ్యిలా ఉంటుంది, జిగురు మీద నాకు నమ్మకం లేదు. జిగురు లేకుండా తన బిగువు మీదే నిలుస్తుందని యురేథేన్ జత తీసుకున్నాను. రెండింటికి 2,350 అయింది, ఐదో రోజున ఇంటికి వచ్చింది. ప్యాకెట్ మీద కంపెనీ పేరు లేదు, సైజు మాత్రం ఉంది.

సైజు దగ్గర ఒక మాట. అమ్మేవాళ్ళు "14 ఇంచుల మిషనుకి" అని రాస్తారు. మీరు మిషను పేరు చూసి కొనకండి, చక్రాన్ని కొలవండి. పాత టైరు మొత్తం తీశాక ఉత్త చక్రం అడ్డకొలత ఎంత, అంచు వెడల్పు ఎంత, టైరు కూర్చునేందుకు గాడి ఉందా లేదా, ఈ మూడూ రాసుకోండి. నాది అడ్డకొలత 14 ఇంచులు, వెడల్పు ఒక ఇంచు, గాడి లేదు. టైరు మందం ఒక సూతు, అంటే ఇంచులో ఎనిమిదో వంతు. మందం కూడా చూడాలి, ఎందుకంటే పాతదాని కంటే మరీ మందంది వేస్తే బ్లేడు తిరిగే దారి ఆ మేరకు పెరుగుతుంది, మీ దగ్గరున్న బ్లేడ్లు బిగించడానికి పై చక్రం దిగే చోటు చాలకపోవచ్చు. మా మిషనుకి 93½ ఇంచుల బ్లేడు, ఇప్పటికీ అదే పడుతుంది.

ప్యాకెట్ విప్పగానే గుండె జారింది. టైరు చక్రం కంటే స్పష్టంగా చిన్నది. తప్పు సైజు పంపారని వాపసు పెట్టబోయి, పరకాలలో ఉండే మా చిన్నాయనకు ఫోన్ చేశాను. ఆయన ఒకప్పుడు ఎడ్లబండి చక్రాలు చేసినవాడు. విషయం విని, "బండి చక్రానికి ఇనుప పట్టా ఎట్ల ఎక్కిస్తరు బిడ్డా? చక్రం కంటే జరంత చిన్నగ చేసి, కాల్చి ఎక్కిస్తరు. చల్లారినంక అదే పట్టుకుంటది. గిదీ గంతే" అన్నాడు. ఇనుము వేడికి సాగుతుంది, ఇది వేడికి మెత్తబడుతుంది, తేడా అంతే. చిన్నదిగా ఉండడమే దాని బలం. ఈ ఒక్క ముక్క ప్యాకెట్‌లో కాగితం మీద రాసి పెడితే ఎంతమంది వాపసు పంపకుండా ఉంటారో. ఎలా ఎక్కించాలో చెప్పే కాగితమే లేదు అందులో, ఇది నా మొదటి ఫిర్యాదు.

ఎక్కించే పని గురించి అందరూ అరగంట అంటారు, మాకు మొదటి రోజు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పట్టింది. అందులో ఎక్కువ సమయం పాతది తీయడానికే పోయింది. అసలు రబ్బరు కత్తితో కోసి లాగితే వచ్చేసింది, కానీ ట్యూబు అంటించిన జిగురు గట్టిపడి రాయిలా ఉంది. థిన్నర్ గుడ్డతో తడిపి, ఆగి, మొద్దు ఉలితో గీకి, మళ్ళీ తడిపి, ఇలా చక్రం ఇనుము మెరిసేదాకా చేశాను. ఇక్కడ తొందరపడకండి. ఆవగింజంత జిగురు మిగిలినా దాని మీద టైరు ఉబ్బి అదే పాత దడ మళ్ళీ వస్తుంది. థిన్నర్ వాడేటప్పుడు షెడ్డు తలుపులు తెరిచి పెట్టండి, దగ్గర్లో పొయ్యి ఉండకూడదు, నీళ్ళు కాచేది తర్వాత.

పై చక్రం నట్టు విప్పితే చేతికి వచ్చేసింది. కింది చక్రాన్ని మిషను మీదే ఉంచి ఎక్కిద్దామని ప్రయత్నించాను, అది పొరపాటు. వంగి చేతులు లోపల పెట్టి లాగేలోపు టైరు చల్లారి బిర్రబిగుసుకుంటుంది. చివరికి బండ్ల మెకానిక్ దగ్గర చక్రాన్ని లాగి ఊడదీసే పుల్లర్ అడిగి తెచ్చి చక్రం ఊడదీశాం. మీరూ చక్రాలు తీసే చేయండి. నట్టు కదలకపోతే బలం పెట్టేముందు మర ఎటువైపు ఉందో చూసుకోండి, కొన్ని మిషన్లలో ఒకవైపు ఉల్టా మర ఉంటుంది.

మా ఆవిడ పెద్ద బగోనెలో నీళ్ళు కాచి ఇచ్చింది. చెయ్యి పెడితే వెంటనే వెనక్కి తీసుకునేంత వేడిలో టైరుని పది నిమిషాలు ముంచాను. చక్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి, మందంపాటి చేతిగ్లవుసులతో టైరు తీసి ఒక చివర నుంచి తొడిగాం. ముప్పావు వంతు సులువుగా ఎక్కింది, మిగతాది లాగుతుంటే ఎక్కినవైపు ఊడి వచ్చింది. మూడుసార్లు ఇలాగే. మళ్ళీ చిన్నాయనకే ఫోన్. "ఎక్కినకాడ క్లాంపు పెట్టకుంట లాగితే ఎట్ల నిలుస్తది, ఇద్దరు పట్టుకోండ్రి" అన్నాడు. తమ్ముడు ఎక్కిన చోట రెండు క్లాంపులు బిగించాడు, కింద చెక్కముక్క పెట్టి, టైరు నలగకుండా. నేను మళ్ళీ వేడి నీళ్ళు మిగిలిన భాగం మీద పోసి లాగితే ఒక్కసారిగా టప్‌మని కూర్చుంది. రెండో టైరుకి పావుగంట కూడా పట్టలేదు. స్క్రూడ్రైవరు మొనతో మాత్రం ఎత్తొద్దు, చీరుకుపోతుంది.

కూర్చున్నాక ఇంకో పని ఉంది. లాగి ఎక్కించినప్పుడు టైరు ఒకచోట ఎక్కువ సాగి సన్నబడుతుంది, ఇంకోచోట మందంగా ఉంటుంది. నున్నటి గుండ్రటి కడ్డీ ఒకటి టైరుకీ చక్రానికీ మధ్య దూర్చి, దాన్ని చక్రం చుట్టూ రెండు మూడు చుట్లు దొర్లిస్తే ఆ సాగుడు అంతటా సమంగా సర్దుకుంటుంది. రాత్రంతా అలాగే వదిలేసి మర్నాడు బిగించాను.

మర్నాడు బ్లేడు ఎక్కించి, గైడులు మొత్తం దూరం జరిపి, బ్లేడుకి టెన్షన్, అంటే బిగువు పెట్టి, ప్లగ్గు పెట్టకుండా పై చక్రాన్ని చేత్తో తిప్పుతూ వంపు సరిచేశాను. బ్లేడు నడుమకి వచ్చి, పది చుట్లు తిప్పినా అక్కడే నిలిచింది. నెలల తర్వాత ఆ బ్లేడు కదలకుండా తిరగడం చూస్తుంటే నాకు మాట రాలేదు. ఆ తర్వాతే గైడులు దగ్గరకి, ఒక కాగితం మందం ఖాళీ ఉంచి. వెనక బేరింగు ఉత్తినే తిరిగేటప్పుడు బ్లేడుకి తగలకూడదు, చెక్క తోసినప్పుడే తగలాలి. స్విచ్ వేసి టేబుల్ మీద ఐదు రూపాయల బిళ్ళ నిలబెట్టాను. కొంచెం వణికింది కానీ పడలేదు.

కొంచెం ఎందుకు వణికిందో వెతికితే తేలింది నా రెండో ఫిర్యాదు. కింది టైరు మీద అచ్చులో పోసినప్పటి సన్న గీత ఒకటి అడ్డంగా లేచి ఉంది, వేలికి తెలిసేంత. మోటారు ఆపి, చెక్కముక్కకి 120 నంబరు ఉప్పు కాగితం చుట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఆ గీత వరకే రుద్దాను. ఆ తర్వాత బిళ్ళ కదల్లేదు. 2,350 తీసుకున్నప్పుడు ఆ గీత వాళ్ళే తీసి పంపాలి. పైగా ఒక టైరు చక్రం అంచు దాటి వెంట్రుకవాసి బయటికి వచ్చింది, కొత్త బ్లేడుతో గీసి సమం చేసుకున్నాను.

ఎనిమిది నెలల వాడకంలో ఏం తేలిందంటే: ముప్పావు ఇంచు బ్లేడుతో ఐదు ఇంచుల టేకు నిలువునా చీల్చాం, జారలేదు. పావు ఇంచు బ్లేడుతో నిర్మల్ బొమ్మల్లో వాడే తెల్ల పొనికి తెచ్చి పిల్లలకు ఏనుగులు, గుర్రాలు కోశాం, తొండం దగ్గర చిన్న వంపు కూడా గీత మీదే పోయింది. పొనికి మెత్తన కదా, దానికేముంది అనుకోవచ్చు, కానీ మెత్తటి చెక్కలోనే బ్లేడు ఊగితే ఊగినట్టు గాట్లు కనిపిస్తాయి. బ్లేడు ఇప్పుడు ఇంతకుముందు కంటే చాలా ఎక్కువ రోజులు వస్తుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటి, రేకుల కింద ఇంకా ఎక్కువ ఉన్న రోజుల్లో రోజూ పొద్దున బొటనవేలితో ఒక చుట్టు చూసేవాణ్ణి, సాగి వదులవుతుందేమోనని. వదులవ్వలేదు, పగుళ్ళు లేవు.

జిగట మాత్రం పడుతుంది. వేప కోసిన రోజు, ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క కోసిన రోజు, పొట్టు ఆ జిగటతో కలిసి టైరు మీద పెచ్చులు కడుతుంది, ఆ పెచ్చులే మళ్ళీ దడ. యురేథేన్ అయినా దీనికి మినహాయింపు లేదు. కింది చక్రానికి ఆనేలా ఒక గట్టి నైలాన్ బ్రష్షు బిగించాను, పాత బట్టలుతికే బ్రష్షే, అప్పటి నుంచి సగం బాధ తగ్గింది. ఇంకొకటి, సాయంత్రం షెడ్డు మూసేముందు టెన్షన్ వదిలేస్తున్నాం. పాత రబ్బరుకి ఆ గాడి అంత లోతుగా పడడానికి నేను నెలల తరబడి బ్లేడు బిగించే ఉంచడం ఒక కారణం, అది నా తప్పే. వదిలిన రోజు బ్లేడు మీద సుద్దతో ఒక గుర్తు పెడతాం, పొద్దున ఎవరు స్విచ్ వేసినా ముందు అది చూడాలి, వదులు బ్లేడుతో మిషను నడిపితే ప్రమాదం.

టైరు నాణ్యతకి ఐదుకి ఐదు ఇస్తాను. అమ్మినవాళ్ళ పద్ధతికి మూడు, కాగితం పెట్టనందుకు, ఆ గీత తీయనందుకు. వాళ్ళకి ఈ రెండూ రాసి పంపాను, జవాబు రాలేదు.

చిన్నాయన తన మిషనుకీ ఒక జత తెప్పించమన్నాడు. ఆయన చక్రానికి గాడి ఉంది, కాబట్టి నేను వాడిన సైజు పనికిరాదు, గాడి లోపలి వెడల్పుకి సరిపడేది కావాలి. ఆదివారం టేపు, వెర్నియర్ పట్టుకుని పరకాల పోతున్నాను, కొలతలు తీసుకున్నాకే ఆర్డరు పెడతాను.